గీతకు అవతల ఊయల

1994 అక్టోబర్ 8, శనివారం. ఆ సాయంత్రం మేం తిన్నది మట్టికుండలో పొద్దుటి నుంచి ఉడికిన బీన్స్, డబ్బాల్లో పోసి ఆవిరి పట్టిన నల్ల రొట్టె, క్యాబేజీ తురుము, చివర్లో ఆల్థియా పెద్దమ్మ చేసిన ఆపిల్ పై, అంటే పిండి పొరల మధ్య ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి వంటకం. ఏటా అక్టోబర్ రెండో శనివారం తినేది అదే. ఆ తేదీ గుర్తుండిపోయింది మాత్రం భోజనాలయ్యాక, ఆపిల్ పై పళ్లెం కడుగుతూ ఆవిడ నన్ను అడిగిన మాట వల్ల.

మా హార్కట్ కుటుంబ సంఘం ఏటా కలిసేది మూలపురుషుడు పీలెగ్ హార్కట్ కట్టిన ఇంట్లోనే. నట్టనడుమ ఒక పెద్ద పొగగొట్టం, దానికి అటు తూర్పు గది, ఇటు పడమటి గది. సభ్యులం తూర్పు గదిలో బల్లల దగ్గర కూర్చుంటాం. సభ్యుల చొక్కాకి నీలం రిబ్బను, అతిథులకి తెల్ల రిబ్బను. అతిథుల బల్ల పడమటి గదిలో, వంటింటి తలుపు పక్కన. ఆల్థియా మన్సీ అరవై ఏళ్లుగా ఆ బల్ల దగ్గరే కూర్చుంటోంది. పెట్టుకునేది కూడా ఒకే రిబ్బను. ఏటా ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చుకుంటుంది. ఊరంతా ఆవిడని పెద్దమ్మా అనే పిలుస్తుంది. సంఘం వంశావళి పుస్తకం ప్రకారం మాత్రం ఆవిడ మాకెవరికీ ఏమీ కాదు.

"లైమన్, సంఘం కార్యదర్శివి నువ్వేగా?" అంది ఆ రోజు, చేతులు తుడుచుకుంటూ.

"పన్నెండేళ్లుగా నేనే పెద్దమ్మా. ఇంకెవరూ ఒప్పుకోక."

"అయితే నాదొక పని చూడు. నన్నెక్కడ పాతిపెడతారో తేల్చు."

"ఏం మాటలవి!"

"నా మాటలు కావు, డాక్టరువి. గుండె పెద్దదయిందట. జీవితంలో మొదటిసారి ఒకడు నా గుండె పెద్దదన్నాడు, అదీ చెడ్డ కబురుగా." నవ్వి, పళ్లెం గుడ్డలో చుట్టింది. "రెండేళ్లు లాగొచ్చు, మూడేళ్లూ లాగొచ్చు అన్నాడు. మా అమ్మ గోడకి అవతల ఉంది. నేను ఇవతల ఉండాలి. లేదంటే ఎందుకు ఉండకూడదో ఎవడైనా నాకు కాగితం మీద చూపించాలి. అరవై మూడేళ్ల నుంచి ఎవడూ చూపించలేదు."

ఆ గోడ సంగతి చెప్పాలి. ఇంటి వెనక మిట్ట మీద మా వాళ్ల సమాధులున్నాయి. చుట్టూ రొమ్ము ఎత్తు రాతి గోడ. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చింది. పుస్తకంలో పేరున్న వాళ్ల సంతానానికే లోపల చోటు. ఆల్థియా పెద్దమ్మ తల్లి ఓర్ఫా 1931లో చనిపోయే ముందు లోపల చోటడిగితే, నియమం ఒప్పుకోదన్నారు. ఊరి వాళ్లు గోడని ఆనుకుని ఉన్న పట్టెడు నేలలో పాతిపెట్టారు. గోడ మీంచి వంగి చెయ్యి చాస్తే ఓర్ఫా సమాధి రాయి అందుతుంది. అంత దూరమే.

పుస్తకం మా వంశంలో చర్చి పెద్ద, డీకన్ ఓబెడ్ హార్కట్ 1898లో అచ్చు వేయించింది. అందులో పీలెగ్ చిన్న కూతురి గురించి ఒక్క వాక్యం ఉంది: "సైలెన్స్, 1701లో పుట్టి 1703లో మరణించినది." సైలెన్స్ అంటే నిశ్శబ్దం. ఆడపిల్లలకు అప్పుడు అలాంటి పేర్లు పెట్టేవాళ్లు. ఆ పాప రాయి ఇప్పటికీ ఉంది, రెక్కల మొహం చెక్కిన నల్ల పలక. ఆల్థియా పెద్దమ్మ వాళ్లు చెప్పేది, తాము సైలెన్స్ హార్కట్ సంతతి అని. 1727లో జోసెఫ్ మన్సీని పెళ్లాడిన సైలెన్స్. ఆ పెళ్లి నుంచి ఆల్థియా దాకా గొలుసు గట్టిదే, ప్రతి లంకెకీ కాగితముంది. మొదటి లంకె ఒక్కటే లేదు. రెండేళ్లకే పోయిన పిల్ల ఇరవై ఆరేళ్లకి పెళ్లెలా చేసుకుంటుందని డీకన్ ఓబెడ్ ప్రశ్న. ఆ సైలెన్స్ ఎవరో పనిమనిషి అయుంటుందని, ఇంటి పేరు తగిలించుకుందని అడుగున సన్న అక్షరాల్లో రాశాడు. ఓర్ఫా ఆ సన్న అక్షరాలు చదివింది. ఆల్థియా కూడా చదివింది.

పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టడం మా పాతవాళ్ల అలవాటు. ఒకే పేరున్న రాళ్లు మూడు వరసగా ఉన్న ఇళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి రెండో సైలెన్స్ ఉండొచ్చు. ఆ సంగతి మా అధ్యక్షుడు ఎవరెట్‌కీ తెలుసు.

"ఉండొచ్చు మాస్టారూ. ఉందని చూపించండి," అన్నాడు ఎవరెట్. ఊళ్లో ముప్ఫై ఏళ్లు లాటిన్ చెప్పడం వల్ల నేను అందరికీ మాస్టారినే. ఎవరెట్‌కి ఆవులున్నాయి, కట్టెల వ్యాపారం ఉంది, మాటలు మాత్రం పొదుపు. "ఆల్థియా అంటే నాకు పడదనుకునేరు. ఆవిడ చేసే ఆపిల్ పై లేకపోతే నేనసలు ఈ మీటింగులకి రాను. కానీ ఇవాళ ఈవిడకి ఊరికే తలుపు తీస్తే, రేపు కనెటికట్ రాష్ట్రం నుంచి బస్సుల్లో దిగుతారు, మేమూ పీలెగ్ మనవలమే అంటూ. కాగితం తెండి, తీస్తాను."

"చలికాలంలోపు దొరకాలి."

"నేల గడ్డకట్టాక ఎవర్నీ ఎక్కడా పాతలేం. ఏప్రిల్ దాకా టైముంది మీకు," అన్నాడు. అది ఓదార్పే. అతని ఓదార్పులు అలాగే ఉంటాయి.

ఆ చలికాలమంతా జిల్లా కోర్టు నేలమాళిగలో గడిపాను. చర్చి పుస్తకంలో 1704 నుంచి 1710 దాకా పేజీలు ఎలుకల పాలయ్యాయి. అంటే ఆ పేజీల్లో బాప్తిస్మం ఉన్నా దొరకదు. పీలెగ్ వీలునామా ఉంది. 1706 ఏప్రిల్‌లో, జ్వరంలో రాయించింది. అందులో ఆరుగురు పిల్లల పేర్లున్నాయి. పెద్దవాడు ఎలిషా, మొదటి భార్య కొడుకు, ఇల్లు అతనికి. సైలెన్స్ లేదు. తర్వాత పది రోజులకి పీలెగ్ పోయాడు. డీకన్ ఓబెడ్ ఆగింది అక్కడే. ఆ తర్వాత వచ్చినవాళ్లూ అక్కడే ఆగారు. చదివి, పేరు లేదని రాసుకుని నేనూ ఆగాను.

పాత కాగితాల కట్టలు తెచ్చిచ్చే బెర్నిస్ అనే ఆవిడ నన్ను చూసినప్పుడల్లా ఒక మాట విసిరేది.

"మళ్లీ వచ్చారా మాస్టారూ? బతికున్నవాళ్లెవరూ దొరకలేదా?"

"బతికున్నవాళ్లు ఇంత నిదానంగా కూర్చోరమ్మా."

"సరే, పన్నెండింటికి పైకి రండి. సూప్ తెచ్చాను. వీళ్లు మీకెలాగూ భోజనం పెట్టరు." ఇంట్లో నేనొక్కణ్ణే తింటానని ఆమెకెవరు చెప్పారో తెలియదు. ఆ చలికాలమంతా మంగళవారం మంగళవారం ఆమె డబ్బాలో సగం సూప్ నాదే.

మార్చిలో ఆల్థియా పెద్దమ్మ పది రోజులు ఆసుపత్రిలో ఉంది. చూడ్డానికి వెళ్తే మంచం మీద కూర్చుని ఆపిల్ తొక్క ఒకే దండగా తీస్తోంది.

"దొరికిందా?"

"లేదు."

"ఎక్కడెక్కడ వెతికావు?"

చెప్పాను. వీలునామాలు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, రాళ్లు.

"అన్నీ పేర్లుండే చోట్లే వెతికావన్నమాట," అంది. తొక్క తెగింది. "పీలెగ్ విధవరాలు ఏమైంది? రెండో భార్య మెహిటబెల్. ఇల్లేమో సవతి కొడుక్కి పోయింది. ఆవిడెక్కడ పడుకుంది?"

ఎక్కడ పడుకుందో డీకన్ ఓబెడ్ రాయలేదు. దాదాపు మూడు వందల ఏళ్లలో ఎవరూ అడిగినట్టు లేదు.

జవాబు ఉండే చోటు మాత్రం తెలుసు. అప్పటి చట్టంలో భర్త పోతే ఆస్తిలో మూడోవంతు విధవరాలు బతికున్నన్నాళ్లు అనుభవించాలి. ఇల్లయినా సరే. కోర్టు ముగ్గురు ఇరుగుపొరుగు మగవాళ్లని పంపేది. వాళ్లు ఇంట్లోకొచ్చి ఈ గది ఆమెది, నేలమాళిగలో ఈ మూల ఆమెది, ఈ ఆవు ఆమెది అని పంచి, నేల మీద గీత గీసి, కాగితం రాసేవాళ్లు. ఆ కాగితాలు ప్రతి కట్టలోనూ అడుగున ఉంటాయి. వంశం వెతికేవాళ్లం ఎవరమూ వాటిని విప్పం. వాటిల్లో వారసుల పేర్లుండవు. గదులు, గొర్రెలు, కుండలు ఉంటాయి. పీలెగ్ కట్టలో కూడా అది ఉంది. జనవరిలో నేను దాన్ని చేత్తో పట్టుకుని, వెనకవైపు "విధవ భాగము" అని చూసి, పక్కన పెట్టాను.

ఇంట్లో మా ఫ్రిజ్ తలుపు మీద, నా భార్య ఐరీన్ చనిపోయే ముందు చివరిసారి రాసిన సరుకుల చీటీ ఇంకా ఉంది. పాలు, పిండి, నా కాళ్ల నొప్పికి మందు, పిల్లికి చేప డబ్బా, పక్కింటి వాళ్లకి గుడ్లు. అందులో ఒక్క మనిషి పేరూ లేదు. అయినా ఆ ఇంట్లో ఎవరున్నారో, పక్కింట్లో ఎవరికి బాగాలేదో చదివినవాళ్లకి తెలుస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి పాలు తీసుకుంటూ దాన్ని చూశాను. మర్నాడు మంగళవారం కాకపోయినా కోర్టుకి వెళ్లాను.

"ఇవాళ సూప్ లేదు," అంది బెర్నిస్.

"పరవాలేదు. పీలెగ్ హార్కట్ కట్ట ఇంకోసారి ఇవ్వమ్మా."

1706 డిసెంబర్‌లో రాసిన కాగితం. నాలుగు మడతలు, మడతల దగ్గర అరిగిపోయింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. విధవ మెహిటబెల్‌కు పడమటి గది. రొట్టెలు కాల్చే పొయ్యి మంగళ, శుక్రవారాలు ఆమెది. ఒక ఎర్రావు, రెండు గొర్రెలు. బావి పక్కనున్న ఆపిల్ చెట్లు రెండు. బావికి నడవడానికి దారి. పెద్ద ఇనప కుండ ఇద్దరిదీ, ముందు అడిగినవారిది. ఇంత చిన్న విషయాలు కూడా గుర్తుపెట్టుకుని రాసిన ఆ ముగ్గురూ రైతులు. డిసెంబర్ చలిలో ఒక పూటంతా ఆ ఇంట్లో తిరిగి ఉంటారు. చివరి పేరా ఇది:

"పడమటి గది పొయ్యి గాలికి పొగ చిమ్ముచున్నందున, తండ్రి పోయిన పిమ్మట పుట్టిన పసిబిడ్డ సైలెన్స్ యొక్క ఊయల, మంచుకాలమంతయు, గీతకు అవతల, ఎలిషా భాగమైన తూర్పు గదిలో పొయ్యి పక్కన ఉండవచ్చును. తల్లి ఏ వేళనైనను గీత దాటి బిడ్డ వద్దకు పోవచ్చును. నడిమి తలుపునకు గడియ వేయరాదు. పడమటి వాకిలి ఇరువురిది. చివర ఉన్నవారు రాత్రికి దానిని మూయవలెను."

కింద ముగ్గురి సంతకాలు. వాటి కింద, సంతకం రాని ఎలిషా పెట్టిన కొడవలి లాంటి గుర్తు. పక్కన ఎవరో రాశారు: "సమ్మతించినాడు."

తండ్రి వీలునామా రాయించేటప్పటికి ఆ పిల్ల ఇంకా పుట్టలేదు. అందుకే అందులో లేదు. పేర్ల కాగితాలన్నీ ఆ పిల్లని దాటిపోయాయి. ఒక పొయ్యి పొగ చిమ్మడం వల్ల, ముగ్గురు మగవాళ్లకి పసిబిడ్డ దగ్గు వినబడటం వల్ల ఈ కాగితంలో మిగిలింది.

బెర్నిస్ నా భుజం మీంచి వంగి చదివింది. తన సంచిలోంచి సాండ్‌విచ్ తీసి సగం తుంచి నా ముందు పెట్టింది.

నకలు తీయించుకుని ఆ మధ్యాహ్నమే ఎవరెట్ దగ్గరికి వెళ్లాను. పశువులశాల ముందు బురద పిక్కల దాకా ఉంది. కళ్లద్దాలు చొక్కాతో తుడుచుకుని నిలబడే చదివాడు. రెండోసారి చదివాడు.

"ఈ ఎలిషా మా వాడు కదా?"

"మీ వాడే. మా వాడు కూడా."

"సవతి తల్లి బిడ్డ ఊయలని తన పొయ్యి దగ్గర పెట్టుకోనిచ్చాడు." కాగితం తిప్పి వెనక చూశాడు, ఇంకేమైనా ఉందేమోనని. "మా వంశంలో ఇంత మంచిపని ఎవడైనా చేసినట్టు ఇదే మొదటిసారి వినడం. డీకన్ ఓబెడ్ దీన్ని వదిలేసి, ఎవరికెన్ని ఎకరాలొచ్చాయో ముప్ఫై పేజీలు రాశాడు."

"వేసవిలో ఒకసారి అందర్నీ పిలుద్దామా? ఓటు పెట్టాలిగా."

"అక్టోబర్‌లో పెడదాం, మామూలుగానే. ఈలోగా ఆవిడకేమన్నా అయితే నా అంతట నేనే తవ్వుతాను, ఎవడడ్డమొస్తాడో చూస్తాను." ఆవు వైపు తిరిగాడు. "ఆ మాట ఆవిడకి చెప్పకండి. నేను మెత్తబడ్డాననుకుంటుంది."

చెప్పాను. ఆల్థియా పెద్దమ్మ చాలాసేపు నవ్వింది. తర్వాత నకలు చేతిలోకి తీసుకుని, సైలెన్స్ అన్న మాట మీద వేలు పెట్టింది. "పొగ," అంది. "ఆ గది పొయ్యి ఇప్పటికీ పొగే. అరవై ఏళ్లుగా ఆ గదిలో కూర్చుని దగ్గుతూనే ఉన్నాను, ఎవడూ కాగితం రాయలేదు."

ఆవిడ ఆ వేసవి దాటింది. 1995 అక్టోబర్‌లో మళ్లీ అందరం కలిశాం. బీన్స్, నల్ల రొట్టె, ఆవిడ ఆపిల్ పై. ఎవరెట్ లేచి చివరి పేరా చదివాడు. అతను గట్టిగా చదవడం ఎవరూ అంతకుముందు వినలేదు. చదివి, "వద్దనేవాళ్లు చెయ్యెత్తండి," అన్నాడు. అడగాల్సింది అలా కాదని నేను కార్యదర్శిగా గొణిగాను. "తెలుసు. ముందు వాళ్ల మొహాలు చూద్దామని," అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు.

ఎవరెట్ నీలం రిబ్బను తీసుకుని పడమటి గదిలోకి నడిచి, ఆవిడ బల్ల దగ్గర ఆగాడు. "ఇదుగో పెద్దమ్మా. లోపల మీ చోటు ఎక్కడ కావాలో రేపు చూపించండి. గుర్తు పెడతాను."

ఆవిడ రిబ్బను అందుకోలేదు.

"నాకు ఇప్పటిదాకా తట్టలేదు ఎవరెట్," అంది. "నేను లోపలికి వస్తే మా అమ్మ బయట ఒక్కతే అవుతుంది. అరవై నాలుగేళ్లు గోడ అవతల ఉన్నది తను. అడిగి కాదనిపించుకున్నది తను. నేను వెళ్లి లోపల పడుకుని తనని బయట వదిలేస్తే, డీకన్ ఓబెడ్‌కీ నాకూ తేడా ఏముంది?"

"ఓర్ఫాగారిని కదిలించాలంటే ఊరి అనుమతి కావాలి, రాష్ట్రం అనుమతి..." అని నేను మొదలుపెట్టాను.

"కదిలిస్తే నేనొప్పుకోను. హాయిగా నిద్రపోతున్న మనిషిని," అంది ఆవిడ.

"అయితే నేనూ అవతలే ఉంటాను. లోపల ఉండొచ్చని కాగితం వచ్చిందిగా, అది చాలు," అని తనే తేల్చేసింది. గొంతు మాత్రం తేల్చుకున్న గొంతులా లేదు.

ఎవరెట్ రిబ్బను చేతిలో పట్టుకుని కిటికీలోంచి మిట్ట వైపు చూశాడు.

"ఆ గోడ కట్టిందెవరు మాస్టారూ?"

"మీ తాత, మా తాత. 1880ల్లో."

"ఎన్ని రాళ్లుంటాయి ఆ వైపు? ఇరవై అడుగులు కూడా ఉండదు." లెక్కేసుకుంటున్నట్టు పెదాలు కదిలించాడు. "ఓర్ఫాగారి అవతలికి ఎనిమిదడుగులు జరిపితే సరి. ఆ పట్టెడు నేల ఊరిది, ఊరివాళ్లు నాకు రెండు చలికాలాల కట్టెలకి బాకీ. ఆవిడ్ని కదిలించక్కర్లేదు. గోడని కదిలిద్దాం."

"ఆ రాళ్లు ఎత్తే వయసా నీది?" అంది ఆల్థియా పెద్దమ్మ.

"మీ ఆపిల్ పై ఇంకో ముక్క పెడితే ఎత్తుతాను."

అప్పుడు అందుకుంది రిబ్బను. తెల్లదాన్ని తియ్యలేదు, దాని పక్కనే పెట్టుకుంది. "ఇస్త్రీ చేసి తెచ్చాను. వృథా ఎందుకు?" అంది.

మర్నాడు ఆదివారం. చర్చి అయ్యాక తొమ్మిదిమందిమి మిట్ట మీదికి వెళ్లాం. పాత గోడ విప్పుతుంటే ప్రతి రాయి వెనకా పొడి ఆకులు, ఉడతలు దాచుకున్న గింజలు. ఎవరెట్ ఆ గింజల్ని ఒక టోపీలో ఎత్తి, కొత్త గోడ సందుల్లో మళ్లీ పోశాడు. నేను చూడటం గమనించి, "వాటికేం తెలుసు పాపం, ఓటు సంగతి," అన్నాడు. ఆల్థియా పెద్దమ్మ మడత కుర్చీలో కూర్చుని, ఏ రాయి వంకరగా ఉందో చెప్తూ ఉంది. పొద్దు వాలేసరికి ఓర్ఫా రాయి గోడకి ఇవతల ఉంది. దాని పక్కన ఒక మనిషికి సరిపడా చోటు, గడ్డి మీద నాలుగు మేకులు.

చేతులు కడుక్కోవడానికి అందరం పీలెగ్ ఇంట్లోకి వచ్చాం. నిన్న మిగిలిన బీన్స్ వేడిచేసుకుని తిన్నాం. ఈసారి తూర్పు గదిలో ఆవిడ కుర్చీ పొయ్యి పక్కన వేశారు. ఎవరు వేశారో నేను చూడలేదు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. నేను కార్లో ఇంజన్ వేడెక్కించి, ఆవిడ కోసం చూస్తున్నాను.

పళ్లెం గుడ్డలో చుట్టుకుని బయటికి వచ్చింది. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది. పడమటి వాకిలి ఓరగా తెరిచే ఉంది.

"వదిలెయ్యి పెద్దమ్మా, రేపు ఎవరెట్ వచ్చి చూసుకుంటాడు," అన్నాను అద్దం దించి.

"చివర ఉన్నది నేనుగా," అంది.

పళ్లెం చంకలో పెట్టుకుని, రెండు చేతులతో తలుపుని దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా మూసింది.